వీధికీ ఇంటికీ నడుమ రెండు వారాలు

బళ్లారి కంటోన్మెంటులో కుక్కపిల్లకు ఇల్లు వెతికే పని చిత్త కార్తెతోనే మొదలవుతుంది. అక్టోబరు రెండో వారంలో కార్తె వస్తుంది. వీధికుక్కలు జతకట్టేది ఎక్కువగా ఆ రోజుల్లోనే. కుక్క మోసేది అటూ ఇటుగా 63 రోజులు. అంటే ధనుర్మాసంలో ఈనుతాయి. సంక్రాంతికి పిల్లలు కళ్లు తెరిచి తూలుతూ నడుస్తాయి, శివరాత్రికి ఎనిమిది పది వారాలవుతాయి. ఆ తర్వాత వచ్చేది బళ్లారి ఎండ. ఉగాది దాటాక తారురోడ్డు మీద కుక్కపిల్ల కాలు పెట్టలేదు, తూముల్లో చుక్క నీరుండదు. అందుకే ఈ ఊళ్లో దత్తతకు అనువైన కాలం శివరాత్రికీ ఉగాదికీ మధ్యనుండే ఆ కొద్ది వారాలే.

కంటోన్మెంటు పేరు మిలిటరీ కాలం నాటిది. ఇప్పుడది నగరంలో ఒక పేట. పాత బంగళాల పొడుగాటి కాంపౌండు గోడలున్నాయి, రోడ్ల కింద తూములున్నాయి, జనం ఇప్పటికీ విమ్స్ అనే పిలిచే మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది, దాని చుట్టూ టిఫిన్ బండ్లున్నాయి, అవతల కంటోన్మెంట్ రైల్వే స్టేషన్ ఉంది. కుక్కకు ఇంతకన్నా ఏం కావాలి? తినడానికి ఎంగిలాకులు, ఈనడానికి చాటు. ఏటా పిల్లలు పుడతాయి, ఏటా వాటిలో చాలా భాగం చక్రాల కిందా, రక్త విరేచనాలతోనూ పోతాయి. మనసున్నవాళ్లు ఒకటో రెండో ఎత్తుకుని ఇంటికి తీసుకెళతారు. వారం తిరక్కుండానే ఆ పిల్ల చచ్చిపోతుంది, లేదా మళ్లీ అదే వీధిలో కనిపిస్తుంది. వాళ్ల ప్రేమలో లోపం లేదు. వీధి నుంచి ఇంటికి మధ్యలో దాటాల్సిన రెండు వారాలను దాటించకపోవడమే లోపం. ఈ వ్యాసమంతా ఆ రెండు వారాల గురించే.

ముందుగా, పిల్లను ఎత్తకండి. చూడండి. ఒంటరిగా కనిపించిన ప్రతి పిల్లా అనాథ కాదు. తల్లి తిండికి వెళ్లి ఉంటుంది. పాలిచ్చే తల్లికి ఆకలి ఎక్కువ, దూరం పోతుంది. మనిషి దగ్గర నిలబడితే తిరిగి రావడానికి భయపడుతుంది. కనుక నాలుగు బారల దూరంలో, ఆ చోటు కనిపించేలా కూర్చుని కొన్ని గంటలు ఎదురుచూడాలి. పిల్లల పొట్టలు నిండుగా ఉండి, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతుంటే తల్లి ఉన్నట్టే. పొట్ట వీపుకు అంటుకుపోయి, గొంతు పోయేలా ఆగకుండా అరుస్తూ, ఒళ్లు చల్లబడి, చీమలు పడుతుంటే తల్లి లేనట్టు. అప్పుడు ఆలస్యం చేయకూడదు.

వయసు తెలుసుకోవడం కష్టం కాదు. పది పద్నాలుగు రోజులకు కళ్లు తెరుస్తాయి. మూడు నాలుగు వారాలకు ముందు పళ్లు సూదుల్లా మొలుస్తాయి. ఎనిమిది వారాలకు పాలపళ్లన్నీ వచ్చేస్తాయి. ఆ ఎనిమిది వారాలు నిండేదాకా ఆరోగ్యంగా ఉన్న తల్లి దగ్గర నుంచి పిల్లను విడదీయకూడదని నా గట్టి అభిప్రాయం. పాల కోసం మాత్రమే కాదు. తోబుట్టువులతో కొట్లాడుకుంటేనే ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాడికి నొప్పి పుడుతుందో పిల్లకు తెలుస్తుంది. నెల పిల్లను ముద్దొస్తోందని తెచ్చుకున్న ఇంట్లో ఆర్నెల్ల తర్వాత పిల్లల చేతుల మీద గాట్లు కనబడేది ఆ పాఠం తప్పినందుకే. ఆ ఎనిమిది వారాలూ మనం చేయాల్సింది తల్లికి తిండి పెట్టడం, తూము దగ్గర ఒక గోనెసంచి పరవడం, బండ్లు తోలేవాళ్లకు కనబడేలా నాలుగు రాళ్లు అడ్డం పెట్టడం.

తల్లి నిజంగానే పోయిన పసికూనల సంగతి వేరు. వాటికి మొదట కావలసింది వెచ్చదనం, పాలు కాదు. ఒళ్లు చల్లగా ఉన్న కూనకు పాలు పడితే అరగవు, ప్రాణం పోతుంది. వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి అట్టపెట్టెలో ఒక పక్కన పెట్టాలి. వేడెక్కువైతే పిల్ల జరగడానికి రెండో పక్క ఖాళీగా ఉండాలి. ఒళ్లు వెచ్చబడ్డాక, మందుల షాపులో దొరికే కుక్కపిల్లల పాలపొడి కలిపి పట్టాలి. మొదటి రెండు వారాల కూనలకు రెండు మూడు గంటలకొకసారి, రాత్రుళ్లు కూడా. పాలు పట్టేటప్పుడు కూన బోర్లా ఉండాలి, పసిబిడ్డలా వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మూడు వారాల లోపు కూన తనంతట తాను మూత్రం పోయలేదు. తల్లి నాకుతుంది గనక వస్తుంది. తల్లి లేనప్పుడు గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదితో పొట్ట కింద మెల్లగా తుడవాలి. ఈ సంగతి తెలియక, పాలు బాగా తాగుతూనే పొట్ట ఉబ్బి చనిపోయిన కూనలెన్నో.

ఇక పట్టుకోవడం. పిల్లలనైతే తువ్వాలు కప్పి ఎత్తుకోవచ్చు. దెబ్బ తగిలిన పెద్ద కుక్క జోలికి మాత్రం ఒంటరిగా పోవద్దు. అది ఎంత సాధువైనా నొప్పిలో కరుస్తుంది. గాజుగుడ్డతో మూతి చుట్టూ ముడి వేసి, చెవుల వెనక కట్టి, దుప్పటిని స్ట్రెచరులా పట్టి ఎత్తాలి. వాంతి చేసుకుంటున్నా, ఆయాసపడుతున్నా మూతి కట్టకూడదు. దవడ వేలాడేసి, చొంగ కారుస్తూ, నడక తడబడుతున్న కుక్కను చూసి గొంతులో ఎముక ఇరుక్కుందని నోట్లో చెయ్యి పెట్టేవాళ్లున్నారు. ఎప్పుడూ ఆ పని చేయొద్దు. రేబిస్ ఒక రూపంలో సరిగ్గా అలాగే ఉంటుంది. అలాంటి కుక్క కనబడితే జనాన్ని దూరంగా ఉంచి నగర పాలికెకు చెప్పాలి.

కాటు పడితే, చిన్న గీత పడినా సరే, పదిహేను నిమిషాలు కుళాయి కింద సబ్బుతో కడగాలి. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి ఏదీ పెట్టకూడదు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. టీకా మొదలయ్యాకే కుక్కను పది రోజులు గమనించే మాట. కుక్క బాగానే ఉంది కదా, చూద్దామని ఆగడం ప్రాణం మీదికి తెస్తుంది. కూనలకు రేబిస్ రాదన్నది కూడా అబద్ధం, వాటికీ వస్తుంది. ఈ పనిని ఏటా చేసేవాళ్లు కాటు పడక ముందే డాక్టరుతో మాట్లాడి ముందస్తు టీకాలు వేయించుకోవడం మంచిది. మూడు నాలుగు వారాల్లో ముగిసిపోతుంది.

ఇప్పుడు అసలు రెండు వారాలు.

ఎనిమిది వారాల పిల్లను తీసుకొచ్చిన రోజే పశువుల డాక్టరుకు చూపించాలి. 1962కు ఫోను చేస్తే వచ్చే సంచార వాహనం ముఖ్యంగా పాడి పశువుల కోసం. కుక్కపిల్లను మనమే పశువుల ఆస్పత్రికో, ప్రైవేటు క్లినిక్కుకో మోసుకెళ్లాలి. డాక్టరు జ్వరం చూస్తాడు. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101, 102 డిగ్రీలుంటుంది, మన చేతికి వెచ్చగా తగిలిందని కంగారు పడనక్కరలేదు. నులిపురుగుల మందు తాగిస్తాడు. వీధి పిల్లలన్నిటికీ పొట్టలో ఏలికపాములుంటాయని అనుకోవచ్చు. పొట్ట డప్పులా ఉండి పక్కటెముకలు బయటపడుతుంటే అవే కారణం. మూడు నెలలు నిండేదాకా రెండు వారాలకొకసారి ఆ మందు పడాలి. చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో పిడుదులుంటాయి. వాటిని చేతితో నలపకూడదు, పట్టకారుతో చర్మానికి ఆనించి నిదానంగా లాగి సబ్బునీళ్లలో వేయాలి. వేడి ఊళ్లలో పిడుదుల జ్వరం కుక్కలకు పెద్ద శత్రువు. చిగుళ్లు తెల్లబడి, ముక్కు నుంచి రక్తం కారి, తిండి మానేస్తే రక్త పరీక్ష చేయించాలి. సమయానికి పట్టుకుంటే మందుకు లొంగే జబ్బే అది.

ఇంట్లో ఉన్న మాత్రలు వేయొద్దు. మనకు తలనొప్పి తగ్గించే మాత్ర కుక్క కడుపులో పుండ్లు చేస్తుంది. గజ్జి ఉందని పాత ఇంజనాయిలు పూసే అలవాటు ఇంకా ఉంది. చర్మం కాలిపోవడం, అది నాకి కడుపు పాడవడం తప్ప ఆ నూనె వల్ల ఒరిగేదేమీ లేదు.

పద్నాలుగు రోజులూ పిల్ల వేరే గదిలో ఉండాలి. స్నానాలగది, వెనక వరండా, మెట్ల కింద సందు, ఏదైనా సరే. వేరే కుక్కలున్న ఇంట్లో అయితే మరీ జాగ్రత్త. ఎందుకన్ని రోజులంటే, పార్వో వైరస్ ఒంట్లో చేరాక బయటపడడానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. డిస్టెంపర్ ఎక్కువగా ఒకటి రెండు వారాల్లో బయటపడుతుంది. మొదటి రోజు ఎగురుతూ ఆడిన పిల్ల నాలుగో రోజుకు మూల కూర్చుంటుంది, ఆరో రోజుకు రక్తంతో విరేచనాలు. ఆ పిల్ల అప్పటికే కొత్త ఇంటికి వెళ్లి ఉంటే ఆ ఇంటి పసివాళ్ల కళ్ల ముందే పోతుంది. ఆ ఇంటివాళ్లు మళ్లీ జన్మలో కుక్కను పెంచరు. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఇంకొకటుంది. పార్వో ఆ ఇంటి మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. ఫినాయిలు దాన్నేం చేయలేదు. నేలను ముందు సబ్బుతో కడిగి, తర్వాత ఒక వంతు బ్లీచింగు ద్రావణానికి ముప్పై వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచాలి.

పిల్ల చురుగ్గా ఉంటే డాక్టరు మొదటి రోజుల్లోనే పార్వో, డిస్టెంపర్ కలిసిన టీకా వేస్తాడు. మూడు నాలుగు వారాలకొకసారి బూస్టరు, నాలుగు నెలలు దాటేదాకా. మూడు నెలలకు రేబిస్ టీకా, ఆ పైన డాక్టరు చెప్పిన ప్రకారం. ఈ తేదీలన్నీ టీకా కార్డులో రాయించాలి. దత్తత రోజు ఆ కార్డు పిల్లతోపాటు వెళ్లాలి. కార్డు లేని పిల్లను నేను ఎవరికీ ఇవ్వమనను.

తిండి గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, తప్పులన్నీ అక్కడే. వీధి పిల్ల కనబడగానే మనవాళ్ల చేయి బిస్కెట్టు పొట్లం మీదికీ పాలగిన్నె మీదికీ పోతుంది. ఆవుపాలు, గేదెపాలు చాలా పిల్లలకు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. అసలే చిక్కిన పిల్లకు ఒంట్లో నీరు పోతే తట్టుకోలేదు. బిస్కెట్టులో చక్కెర, మైదా తప్ప ఏముంది? మెత్తగా ఉడికించిన అన్నంలో ఉప్పూ కారం లేకుండా ఉడికిన కోడిమాంసం తుంపులు, ఆ నీళ్లే కలిపి పెట్టాలి. మాంసం ముట్టని ఇంట్లో ఉడికించిన గుడ్డు, అదీ కాదంటే పెరుగన్నంతో మొదలుపెట్టి డాక్టరు చెప్పిన దాణా కలుపుతూ పోవచ్చు. పలుచని రాగి జావ బాగా పడుతుంది. మన సాంబారు, పులుసు మాత్రం వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తాన్ని పాడుచేస్తాయి. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ విషంతో సమానం. ఉడికిన కోడి ఎముక చీలి పేగులో గుచ్చుకుంటుంది. రోజుకు నాలుగు పూటలు కొంచెం కొంచెంగా పెట్టాలి, మంచినీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. ఆకలితో ఉందని మొదటి రోజే గిన్నె నింపి పెడితే కక్కుకుంటుంది.

స్నానం వారం రోజులు ఆగినా నష్టం లేదు. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఈ పద్నాలుగు రోజుల్లోనే పిల్ల గుణం కూడా తెలుస్తుంది. పళ్లెం శబ్దానికి బెదురుతుందా, చీపురు చూసి దాక్కుంటుందా, పిల్లలంటే ఇష్టమా, ఒంటరిగా ఉండగలదా. ఏ ఇంటికి ఏ పిల్ల అన్నది దీన్నిబట్టే తేల్చాలి. ఫొటో చూసి ఎంచుకున్న పిల్ల కన్నా ఇలా కుదిర్చిన పిల్ల ఇంట్లో నిలుస్తుంది.

ఇల్లు వెతకడం రెండో వారంలో మొదలుపెట్టాలి. నాలుగు మంచి ఫొటోలు, వయసు, ఆడో మగో, టీకాల వివరం. బళ్లారిలో తెలుగులోనూ కన్నడలోనూ రాసి కిరాణా కొట్టు, పాలబూత్, క్లినిక్కు గోడల మీద అంటిస్తే ఫోన్లు వస్తాయి. ఫోనులో మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే.

"ఏమప్పా, మగది లేదా? ఆడదైతే మా అత్త ఒప్పుకోదు. ఈతలు ఎవరు చూస్తారు?"

"ఆరు నెలలకు ఆపరేషన్ చేయిస్తే ఈతలే ఉండవు అక్కా. ఆడది ఇల్లు వదిలి దూరం పోదు, కాపలా బాగా కాస్తుంది. ఒకసారి వచ్చి చూడండి, అత్తమ్మను కూడా పిల్చుకుని రండి."

అత్తమ్మను పిలవమనడం మర్యాద కోసం మాత్రమే కాదు. ఇంట్లో పెద్దవాళ్ల ఒప్పుదల లేని దత్తత నెల రోజులు నిలవదు. మధ్యాహ్నం ఇంట్లో ఉండేది వాళ్లే, అన్నం పెట్టేది వాళ్లే. ఆడ పిల్లలను వద్దనే ఈ అలవాటు మీద నాకు బాధ ఉంది, కోపం కూడా ఉంది. వీధిలో మిగిలిపోయేవి అవే. ధనుర్మాసంలో పుట్టిన ఆడపిల్ల పది నెలల్లో, మళ్లీ చిత్త కార్తె వచ్చేసరికి తానే తల్లి కాగలదు. ఆషాఢ శ్రావణాల్లో దానికి ఆపరేషన్ చేయించే పూచీ దత్తత ఇచ్చేవాళ్లే తీసుకోవాలి. ఆ ఒక్క మాట ఇస్తే సగం ఇళ్లు ఒప్పుకుంటాయి.

అడగాల్సినవి మొహమాటం లేకుండా అడగాలి. ఇల్లు సొంతమా, అద్దెదా? అద్దెదైతే ఇంటాయన ఒప్పుకున్నాడా? పెళ్లికో జాతరకో ఊరెళితే ఎవరు చూస్తారు? బదిలీల ఉద్యోగమా? గొలుసుతో రోజంతా కట్టేస్తారా, మేడ మీద వదిలేస్తారా? బళ్లారి మేడ మీద ఏప్రిల్ మధ్యాహ్నం కుక్క బతకదు. పొలానికి కాపలా కోసమైతే నీడ, నీళ్లు, రాత్రి మనిషి ఉంటారా? జవాబులు విన్నాక మనమే పిల్లను ఆ ఇంటికి తీసుకెళ్లి దింపాలి. గేటు సందులు, మిద్దె పిట్టగోడ ఎత్తు, పిల్ల పడుకునే చోటు చూసి రావాలి. మనసు ఒప్పకపోతే పిల్లను వెనక్కి తెచ్చేయాలి. ఒక కాగితం మీద పేరు, చిరునామా, తర్వాతి టీకా తేదీ, ఆపరేషన్ నెల, పెంచలేకపోతే వీధిలో వదలకుండా తిరిగి అప్పగిస్తామన్న మాట రాయించుకుని ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. దానికి వేసే జరిమానా నేటికీ నామమాత్రమే. అందుకే ఆ సంతకానికి చట్టం కన్నా ఎక్కువ విలువ.

కొత్త ఇంట్లో మొదటి మూడు రాత్రులు పిల్ల ఏడుస్తుంది. ఇంతకుముందు పడుకున్న గుడ్డనే పక్కన వేస్తే ఆ వాసనకు కుదుటపడుతుంది. నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆడుకున్నాక ఒకే చోటికి తీసుకెళితే కొద్ది వారాల్లో అలవాటవుతుంది. కొట్టడం, ముక్కును మూత్రంలో రుద్దడం భయం నేర్పుతాయి, శుభ్రత నేర్పవు. రెండో రోజు, వారానికి, నెలకు ఫోను చేయాలి. బూస్టరు రోజు గుర్తు చేయాలి.

పిల్లల పని అయిపోయాక తల్లి మిగులుతుంది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. పాలు ఎండిన తల్లికి ఆపరేషనూ రేబిస్ టీకా చేయించి తిరిగి అదే చోట వదలాలని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. చెవి కొస కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయిందని గుర్తు. ప్రతి పెద్ద కుక్కకూ ఇల్లు అవసరం లేదు. తన వీధి, తన మనుషులు తెలిసిన ఆరోగ్యమైన కుక్కను నాలుగు గోడల మధ్య పెట్టడం మేలు కాదు.

అయితే కంటోన్మెంటుకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, రేబిస్ ఉన్నవీ దూకుడుగా మీదపడేవీ తప్ప మిగతా కుక్కలను ఆపరేషన్, టీకా చేసి అదే చోట వదలమంది. తిండి మాత్రం వార్డులో కేటాయించిన చోటే పెట్టాలంది. పెంచుకోదలచినవాళ్లు పురపాలక సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చని, తీసుకున్న కుక్క మళ్లీ వీధికి రాకుండా చూడడం వాళ్ల బాధ్యతని చెప్పింది. ఆ ఏడాదే నవంబరు 7న ఆస్పత్రులు, విద్యాసంస్థలు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలోని కుక్కలను తీసుకెళ్లి, మళ్లీ అక్కడ వదలకుండా షెల్టర్లలో ఉంచమని ఆదేశించింది. మన పేటలో ఆస్పత్రీ ఉంది, కాలేజీ ఉంది, స్టేషనూ ఉంది. రోగులు, బాలింతలు తిరిగే చోట కుక్కల గుంపు ఉండకూడదన్నది న్యాయమే. కానీ ఇన్నాళ్లూ అక్కడ బతికిన సాధు కుక్కలకు ఇప్పుడు వీధి కూడా లేదు. వాటికి మిగిలింది షెల్టరు, లేదా ఒక ఇల్లు. ఆపరేషన్ అయి, టీకా పడి, మనుషులకు అలవాటైన పెద్ద కుక్క పసిపిల్ల కన్నా తేలిగ్గా ఇంట్లో ఇమిడిపోతుంది. రాత్రి ఏడవదు, చెప్పులు కొరకదు. వృద్ధ దంపతుల ఇంటికి నేను ఎప్పుడూ అలాంటి కుక్కనే సూచిస్తాను.

పెద్ద నగరాల్లో ఈ పనికి సంస్థలున్నాయి. హైదరాబాదులో అక్కినేని అమల 1992లో మొదలుపెట్టిన బ్లూ క్రాస్ ఉంది, విశాఖలో వీఎస్‌పీసీఏ ఉంది. 2025 ఆగస్టు 17న జీహెచ్‌ఎంసీ బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో నాటు కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. టీకాలు పడి, నులిపురుగుల మందు తాగిన పిల్లలనే అక్కడ ఉంచారు. అంటే ఆ రెండు వారాల పనిని మేళాకు ముందే ఎవరో చేశారన్నమాట. మన నగర పాలికె కూడా శివరాత్రి తర్వాత ఒక ఆదివారం ఉదయం అలాంటి మేళా పెట్టగలదు. చోటు, డాక్టరు, టీకా ఉంటే సరిపోతుంది.

పెంచుకునేవాళ్లు దొరుకుతారు, అడిగితే దొరుకుతున్నారు కూడా. కరువంతా ఆ పద్నాలుగు రోజులు పిల్లను పెట్టుకునే గదులకే. జీవితాంతం కుక్కను పెంచలేనివాళ్లు, బదిలీ ఉద్యోగులు, సెలవులకు ఇంటికొచ్చిన కాలేజీ పిల్లలు, పదవీ విరమణ చేసినవాళ్లు ఎవరైనా ఈ పని చేయవచ్చు. మీ ఇంట్లో ఒక వరండా ఖాళీగా ఉంటే, వచ్చే ఫిబ్రవరిలో రెండు వారాలు ఒక పిల్లకు ఇస్తామని మీ వీధిలో తిండి పెట్టేవాళ్లకు ఇవాళే చెప్పండి.